సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి జర్మనీలో బ్రెడ్ బేకర్‌గా స్థిరపడొచ్చా?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. వయసు 27, హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. మూడేళ్లుగా ఇంట్లో సోర్‌డో (సహజంగా పులిసిన పిండి) బ్రెడ్ చేస్తున్నారు, శని ఆదివారాల్లో అపార్ట్‌మెంట్‌లో వాళ్లకు అమ్ముతున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఈ పని విదేశంలో పద్ధతిగా నేర్చుకుని అక్కడే ఉండిపోవాలని ఉంది. వయసు మించిపోయిందా, ఎంత ఖర్చవుతుంది, ఇంట్లో ఎలా ఒప్పించాలి, ఏజెంటు అడుగుతున్న నాలుగు లక్షలు కట్టాలా అన్నవి మీ సందేహాలు. మీ స్టార్టర్‌ను (బ్రెడ్ పులియడానికి తోడులా వేసే పులిసిన పిండి) వెంట తెచ్చుకోవచ్చా అని చివర్లో అడిగారు.

ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. జర్మనీలో బేకర్ శిక్షణకు మీరు ఫీజు కట్టక్కర్లేదు. శిక్షణ ఇచ్చే బేకరీయే మీకు నెలనెలా జీతం ఇస్తుంది. ఖాళీలు ఎక్కడున్నాయో ప్రభుత్వ ఉపాధి సంస్థ వెబ్‌సైట్‌లో, 'మేక్ ఇట్ ఇన్ జర్మనీ' పోర్టల్‌లో, ఆయా ప్రాంతాల హాండ్‌వెర్క్స్‌కామర్ (చేతివృత్తుల మండలి) సైట్‌లో ఉచితంగా కనిపిస్తాయి. ఆ నాలుగు లక్షల్లో కొంత పెట్టి జర్మన్ భాష నేర్చుకోండి. మీకు అసలు పనికొచ్చే ఖర్చు అదొక్కటే.

నేనెవరో రెండు ముక్కల్లో చెబుతాను. మాది తణుకు. మావారి ఉద్యోగం వల్ల 2012లో న్యూరెంబర్గ్ దగ్గర ఒక చిన్న ఊరికి వచ్చాం. డిపెండెంట్ వీసా, చేతిలో ఎంకామ్ డిగ్రీ, నోట్లో భాష లేదు. రెండేళ్లు భాష నేర్చుకుని 2014 సెప్టెంబరులో బేకరీ ఔస్‌బిల్డుంగ్‌లో (పని చేస్తూ నేర్చుకునే వృత్తి శిక్షణ) చేరాను. మూడేళ్లకు పాసయ్యాను, ఆ తర్వాత మైస్టర్ (వృత్తిలో పైస్థాయి నిపుణుడు) పరీక్ష కూడా పూర్తిచేశాను. ఇప్పుడు ఒక బేకరీలో రాత్రి పని మొత్తం నా చేతిమీదుగా నడుస్తుంది. నా దగ్గర ఇద్దరు ట్రైనీలున్నారు, ఒకరు వియత్నాం అమ్మాయి, ఒకరు కేరళ అబ్బాయి. వాళ్ల వీసా కాగితాలు దగ్గరుండి చూశాను కాబట్టి ఆ దారి గురించి కూడా చెప్పగలను.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో బ్రెడ్ బాగా చేయడం, బేకర్‌గా బతకడం వేర్వేరు పనులు. మీ బ్రెడ్ బాగుండదని నా ఉద్దేశం కాదు. మీరు పంపిన ఫోటోల్లో బ్రెడ్ చక్కగా విచ్చుకుంది. కానీ ఇంట్లో వారానికి నాలుగు బ్రెడ్లు చేస్తాం, ఒకటి బాగా రాకపోతే మనమే తినేస్తాం. బేకరీలో రాత్రి రెండింటికి మొదలుపెట్టి ఆరింటికల్లా మూడు వందల బ్రెడ్లు అలమారలోకి ఎక్కాలి. నిన్నటి బ్రెడ్ ఎలా ఉందో ఇవాళ్టిదీ అలాగే ఉండాలి. నిన్న వాన, ఇవాళ ఎండ. నిన్నటి పిండి బస్తా వేరు, ఇవాళ్టిది వేరు. కొనేవాళ్లకు ఇవేమీ పట్టవు, పట్టాల్సిన అవసరం కూడా లేదు. అన్నీ మారుతున్నా బ్రెడ్ మారకుండా చూడటమే ఈ వృత్తి.

నాకది తెలిసొచ్చిన రోజు చెబుతాను. చేరి పది నెలలైంది, జూలై నెల. ఎప్పటిలాగే నీళ్లు కొలిచి మిక్సర్‌లో పోశాను. అరగంట కాకుండానే పిండి తొట్టి అంచుదాకా పొంగి జారడం మొదలుపెట్టింది. నలభై కిలోల పిండి. మా మైస్టర్ అరవలేదు. థర్మామీటర్ తెచ్చి పిండిలో గుచ్చాడు, 31 డిగ్రీలు. తర్వాత నన్ను పిండి బస్తాల దగ్గరికి తీసుకెళ్లి అదే థర్మామీటర్‌ను బస్తాలో పెట్టాడు, 27. గోడమీద పలకపై సుద్దముక్కతో లెక్క రాశాడు. కలిపిన పిండి 26 డిగ్రీల్లో ఉండాలి. మిక్సర్ తిరుగుతుంటే రాపిడికే 4 డిగ్రీలు పెరుగుతుంది. 26లోంచి 4 తీస్తే 22, దానికి రెట్టింపు 44. అందులోంచి పొడి పిండి వేడిని తీసేస్తే పోయాల్సిన నీళ్ల వేడి వస్తుంది. చలికాలంలో పిండి 16 డిగ్రీలుంటే నీళ్లు 28 ఉండాలి. ఆ రోజు పిండి 27, అంటే నీళ్లు 17 ఉండాలి. నేను పోసింది చలికాలపు నీళ్లు.

మా అమ్మకు ఈ లెక్క రాదు, కానీ సంగతి తెలుసు. మే నెలలో ఇడ్లీ పిండి పొద్దుపోయాక రుబ్బేది, సంక్రాంతికి సాయంత్రమే రుబ్బి పొయ్యి పక్కన పెట్టేది. ఆ రోజు పలక ముందు నిలబడితే నాకు అమ్మే గుర్తొచ్చింది. పులిసే పిండితో పెరిగిన మనవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదని అప్పుడే ధైర్యం వచ్చింది. కానీ ఇంటి అలవాటును లెక్కలోకి మార్చుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఇంకో విషయం, మీరు నేర్చుకుంది గోధుమ పిండితో. ఇక్కడ మా ప్రాంతపు బ్రెడ్‌లో ఎక్కువ భాగం రై అనే మరో ధాన్యపు పిండి. గోధుమ పిండిని పిసికితే అందులోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వలలా అల్లుకుని సాగుతుంది. రై పిండి అలా సాగదు. ఎంత కలిపినా రుబ్బిన మినప్పిండిలా చేతికి అంటుకుంటూనే ఉంటుంది. అందులో సోర్‌డో వేసేది రుచి కోసం మాత్రమే కాదు. పులుపు తగలకపోతే పిండిలోని ఎంజైములు ఓవెన్ వేడిలో స్టార్చ్‌ను విరగ్గొట్టేస్తాయి, లోపల బంకబంకగా మిగిలిపోతుంది. చపాతీ ముద్దలకు అలవాటుపడిన నా చేతులు రై ముద్దను చుట్టడం నేర్చుకునే సరికి మొదటి ఏడాది గడిచిపోయింది. గట్టిగా నొక్కితే బల్లకు అతుక్కుంటుంది, నొక్కకపోతే గుండ్రంగా రాదు. తడి చేత్తోనా, పొడి పిండి చల్లిన చేత్తోనా, ఎంత సేపు తాకాలి అన్నది చూస్తూ, చేస్తూ నేర్చుకోవాల్సిందే. అందుకే ఇంటర్నెట్ వీడియోలు చూసి బేకర్ అయిపోవచ్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మొదటి రాత్రి నన్ను ఆ గదిలో నిలబెట్టింది మాత్రం వాసన. ఇక్కడి బ్రెడ్‌లో ధనియాలు, సోంపు దంచి వేస్తారు, కారవే గింజలు కూడా. అవి చూడ్డానికి జీలకర్రలా ఉంటాయి కానీ రుచి వేరు. భాష రాని ఊళ్లో, తెల్లవారుజామున మూడింటికి, ధనియాల వాసన తగిలితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి రాజీనామా రాసే ముందు ఒక పని చేయండి. మీకు దగ్గర్లో ఏదైనా బేకరీ, ఎంత మామూలుదైనా సరే, యజమానిని బతిమాలుకుని మూడు వారాలు రాత్రి పనికి వెళ్లండి. జీతం అడగకండి. పిండి బస్తాలు మోయండి, ట్రేలు కడగండి, ఓవెన్ ముందు నిలబడండి. మే నెలలో వెళ్తే ఇంకా మంచిది. పదిహేను రోజులయ్యాక కూడా అలారం మోగగానే లేవాలనిపిస్తే ముందుకెళ్లండి. ఆ మూడు వారాల్లో తుమ్ములు, ఆయాసం, కళ్ల దురద వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించుకోండి. పిండి ధూళి పడక ఆస్తమా రావడం ఈ వృత్తిలో బాగా తెలిసిన జబ్బు, బేకర్స్ ఆస్తమా అనే పేరే ఉంది. పదిహేనేళ్లు పనిచేసి ఈ జబ్బుతోనే వృత్తి మానేసిన వాళ్లను నేను చూశాను. మీకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంటే ఈ దారి వద్దనే చెబుతాను.

ఇక ఔస్‌బిల్డుంగ్ అంటే ఏమిటో చెబుతాను. బేకరీతో మీకు ఒప్పందం కుదురుతుంది, అది హాండ్‌వెర్క్స్‌కామర్ దగ్గర నమోదవుతుంది. మామూలుగా మూడేళ్లు. వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి బడి, మిగతా రోజులు బేకరీలో పని. బడిలో పిండి రకాలు, పులియడం వెనకున్న కెమిస్ట్రీ, పరిశుభ్రత, లెక్కలు చెబుతారు. ఇక్కడ పిండి సంచి మీద 405, 550, 1050 లాంటి అంకెలుంటాయి. వంద గ్రాముల పిండిని కాల్చేస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ అంకె. పొట్టు ఎక్కువ ఉంటే అంకె పెద్దది. ప్రతివారం ఏం నేర్చుకున్నామో రిపోర్టు పుస్తకంలో రాసి మైస్టర్ చేత సంతకం పెట్టించుకోవాలి. దాన్ని బద్ధకించకండి. నా జర్మన్ బాగుపడింది బడిలో కాదు, ఆ పుస్తకం రాస్తూనే. చివర్లో గెజెల్లె (శిక్షణ పూర్తయిన పనివారు) పరీక్ష. బ్రెడ్లు, చిన్న బన్నులు, జడలా అల్లిన బ్రెడ్, తీపి పిండివంటలు అన్నీ ఒక్కరే నిర్ణీత సమయంలో చేసి చూపించాలి. జడ దగ్గర అందరూ టెన్షన్ పడుతుంటే నాకు మాత్రం చెయ్యి దానంతటదే నడిచింది.

మీకు డిగ్రీ ఉంది కాబట్టి శిక్షణ కాలం తగ్గించమని దరఖాస్తు పెట్టుకునే వీలుంది. పెట్టకండి. తగ్గేది బడి పాఠాలు మాత్రమే కాదు, చేతికి అలవాటయ్యే రాత్రులు కూడా తగ్గిపోతాయి. రెండేళ్లలో ముగించినవాళ్లు మిక్సర్ దగ్గర బాగుంటారు కానీ ఓవెన్ దగ్గర తడబడతారని నా అనుభవం. ఓవెన్ పని ఎక్కువగా చివరి ఏడాదే చేతికిస్తారు.

బేకరీని ఎంచుకోవడంలో చాలా జాగ్రత్తగా ఉండండి. నేను మొదట చేరిన చోట నెల తిరిగేలోపే అర్థమైంది, అక్కడ బన్నులు ఫ్రీజర్ నుంచి వస్తాయి, బ్రెడ్ పిండి రెడీమిక్స్ బస్తాల్లో వస్తుంది. నీళ్లు, ఈస్ట్ కలిపి ఓవెన్‌లో పెట్టడమే మిగిలింది. ఒప్పందంలో ఔస్‌బిల్డుంగ్ అనే ఉంది, అందులో అబద్ధం లేదు, కానీ అక్కడ మూడేళ్లున్నా సోర్‌డో ముట్టుకునేదాన్ని కాదు. మొదటి నెలల్లో ప్రొబేషన్ ఉంటుంది, ఒకటి నుంచి నాలుగు నెలలు, ఆ సమయంలో ఎవరైనా నోటీసు లేకుండా ఒప్పందం ముగించవచ్చు. నేను మానేసి పక్క ఊళ్లో ఇప్పటి మైస్టర్ దగ్గర చేరాను. నాది డిపెండెంట్ వీసా కాబట్టి అది సులువైంది. మీకు వీసా ఆ ఒప్పందం మీదే ఆధారపడి ఉంటుంది, మారాలంటే విదేశీయుల కార్యాలయం అనుమతి కావాలి, టెన్షన్ తప్పదు. అందుకే ముందే కనుక్కోండి. వీడియో ఇంటర్వ్యూలో రెండు మాటలు అడగండి. మీ సోర్‌డోను ఎన్ని గంటలు పులియనిస్తారు? బన్నుల పిండి ఎక్కడ కలుపుతారు? నిజంగా చేసేవాళ్లు ఈ ప్రశ్నకు సంతోషపడి ఫోన్ పట్టుకుని గదంతా తిప్పి చూపిస్తారు. మా మైస్టర్ అయితే తొట్టి మూత తీసి చూపిస్తాడు. దాటవేసే చోట చేరకండి.

వీలైతే పెద్ద నగరాల కంటే చిన్న ఊళ్లు చూడండి. శిక్షణలో వచ్చేది నెలకు సుమారు వెయ్యి యూరోలు, అదీ కోతలకు ముందు. మ్యూనిక్‌లో ఆ డబ్బుతో గది దొరకడమే కష్టం. ఊళ్లో అయితే కొన్నిసార్లు బేకరీ పైనే గది ఉంటుంది. రాత్రి రెండింటికి బస్సులుండవు కాబట్టి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లుండటం కూడా ముఖ్యమే.

వీసాకు కావాల్సినవి ఇవి. ఒప్పందం, జర్మన్ బి1 (రోజువారీ మాటలు నడపగల మధ్యస్థ) స్థాయి, జీతం జీవనానికి చాలదని లెక్క తేలితే మిగతా మొత్తం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) చూపించడం. ఆ మొత్తం ఎప్పటికప్పుడు మారుతుంది, ఎంబసీ సైట్‌లోనే చూడండి. ఒప్పందం లేకుండా వచ్చి వెతుక్కునే వీసా కూడా ఉంది. 2024 మార్చి నుంచి దాని గడువు తొమ్మిది నెలలు, వయసు 35 లోపు ఉండాలి, ఆ కాలంలో రెండు వారాల దాకా ట్రయల్ పని చేయొచ్చు. ఖర్చు పూర్తిగా మీదే అయినా, బేకరీని కళ్లతో చూసి ఎంచుకోవచ్చు కాబట్టి చేతిలో డబ్బున్నవాళ్లకు ఇది మంచి దారి. ఔస్‌బిల్డుంగ్‌కు మాత్రం చట్టంలో వయసు పరిమితి లేదు. నేను చేరినప్పుడు నాకు 29, నా బెంచీలో పక్కనున్న కుర్రాడికి 16. బల్ల దగ్గర ఎవరూ వయసు అడగలేదు.

భాష హైదరాబాద్‌లో గ్యోటే సెంట్రుమ్‌లో నేర్చుకోవచ్చు, పరీక్షా అక్కడే రాయొచ్చు. ఉద్యోగం చేస్తూ బి1కి ఏడాది వేసుకోండి. ఇక్కడికొచ్చాక ఆ భాష సగమే పనికొస్తుంది. పుస్తకంలో బన్నును బ్రోట్‌షెన్ అంటారు, మా దగ్గర వెగ్లా అంటారు. మా మైస్టర్ మూడేళ్లలో నా పని బాగుందని నోరారా అన్నది లేదు. ఒక తెల్లవారుజామున ఓవెన్‌లోంచి నేను తీసిన బ్రెడ్‌ను తిరగేసి, అడుగున వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. 'బస్ట్ షో' అన్నాడు. 'సరిపోతుందిలే' అని అర్థం. ఫ్రాంకెన్ (న్యూరెంబర్గ్ చుట్టుపక్కల ప్రాంతం) వాళ్ల నోట అంతకు మించిన మెచ్చుకోలు రాదని పక్కవాళ్లు చెప్పాక ఇంటికెళ్లి మావారిని నిద్రలేపి మరీ చెప్పాను.

అమెరికా ఎందుకు కాదని అడుగుతారేమో. హెచ్‌1బీ డిగ్రీ అవసరమైన వృత్తులకే, బ్రెడ్ చేయడం అందులోకి రాదు. ఫ్రాన్స్‌లో మంచి శిక్షణ ఉంది, సీఏపీ బులాంజే అనే సర్టిఫికెట్‌కు విలువా ఉంది, కానీ ఫ్రెంచ్ కావాలి. భాష ఎలాగూ సున్నా నుంచే మొదలుపెట్టాలి కాబట్టి, నేర్చుకుంటూ జీతం తీసుకునే చోటికే రమ్మంటాను.

పాసయ్యాక పని దొరుకుతుందా అన్న భయం పెట్టుకోకండి. 1950ల్లో పశ్చిమ జర్మనీలో 50,000కు పైగా బేకరీలుండేవి, ఇప్పుడు దేశం మొత్తం మీద 10,000 లోపే. సూపర్‌మార్కెట్ల దెబ్బ ఒకటి, చేసే మనుషులు లేకపోవడం ఇంకొకటి. జీతం మాత్రం మీ టెస్టింగ్ స్నేహితులు ఇక్కడ సంపాదించే దాంతో పోల్చుకుంటే తక్కువే, అది ముందే మనసులో ఖాయం చేసుకోండి. రాత్రి పనికిచ్చే అదనపు డబ్బు మీద కొంత పరిమితి వరకు ఆదాయపన్ను ఉండదు, అది కాస్త ఊరట. ఇక్కడే ఔస్‌బిల్డుంగ్ చేసినవాళ్లకు ఆ వృత్తిలో రెండేళ్లు పనిచేశాక, మిగతా షరతులు తీరితే, శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది.

సొంత బేకరీ కావాలంటే ఇక్కడ మైస్టర్ ఉండాలి. లేదా గెజెల్లెగా ఆరేళ్లు, అందులో నాలుగేళ్లు బాధ్యత గల స్థానంలో పనిచేసి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. మైస్టర్ పరీక్షలో నాలుగు భాగాలు, చేతిపని, సిద్ధాంతం, వ్యాపారం, శిక్షణ ఇవ్వడం. నాకు కష్టమైంది చేతిపని కాదు, వ్యాపార చట్టం. వారసుల్లేక మూసేయబోతున్న బేకరీలు ఊరూరా ఉన్నాయి. ఓవెన్, మిక్సర్, వాడుక ఖాతాదారులతో సహా అప్పగించడానికి ముసలి మైస్టర్లు మనిషి కోసం చూస్తున్నారు. నాకూ అలాంటి మాట ఒకటి నడుస్తోంది.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఒకటి చెప్పండి. జర్మనీ అర్హతల పట్టికలో మైస్టర్‌ది ఆరో మెట్టు, బ్యాచిలర్ డిగ్రీదీ అదే మెట్టు. మా నాన్న 'ఎంకామ్ చదివి రొట్టెలు కాలుస్తావా' అని ఆరు నెలలు ఫోన్‌లో మాట్లాడలేదు. ఈ పట్టిక వల్ల ఆయన మెత్తబడ్డారని చెప్పను. ఒకసారి ఇక్కడికొచ్చినప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి బేకరీకి తీసుకెళ్లాను. ఒక మూల స్టూలు మీద కూర్చుని ఆరు దాకా చూశారు. వెళ్తూ వెళ్తూ వేడి బ్రెడ్ ఒకటి తువ్వాలులో చుట్టుకుని తెచ్చుకున్నారు. ఇంటికి రాగానే అమ్మకు ఫోన్ చేసి, 'పిల్ల ఒక్క నిమిషం కూర్చోలేదే' అన్నారు.

స్టార్టర్ తెచ్చుకోవద్దు. మీరు చేరే బేకరీలో ఒకటి ఎప్పటి నుంచో ఉంటుంది, మొదటి రోజు నుంచి దాన్నే చూసుకోవాలి. పైగా ఇక్కడి రై పిండి, ఇక్కడి చల్లదనంలో కొన్ని వారాలు పెంచితే మీది కూడా ఇక్కడిదిలాగే మారిపోతుంది. బయల్దేరే ముందు కాస్త పలుచగా బేకింగ్ పేపర్ మీద పూసి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, పొడిచేసి, గాజు సీసాలో మీ అమ్మగారి దగ్గర ఉంచండి. తేమ తగలకపోతే నెలల తరబడి ఉంటుంది. సెలవులకు వెళ్లినప్పుడు గోరువెచ్చని నీళ్లు, పిండి కలిపి రెండు మూడు రోజులు చూడండి, మళ్లీ లేస్తుంది.